ఒకే పేజీ, ఇద్దరు మనుషులు

మా మామగారికి నా ఉద్యోగం ఎప్పుడూ అర్థం కాలేదు. అల్లుడుగారు ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే "పనిని ముక్కలు చేస్తుంటారు" అనేవారు. ఆ మాటలో వెటకారం ఎంతుందో నిజమూ అంతే ఉంది.

తెనాలిలో బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా ఇళ్లలోకి వస్తున్న రోజులవి. నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ శిక్షణ కేంద్రం మూతపడ్డాక, ఇంట్లో ముందుగదిలో ఈ వ్యాపారం పెట్టుకున్నాను. ఒక వెబ్‌సైటులో విదేశాలవాళ్లు తమ పనులు పెడతారు. నేను ఒక పెద్ద పని పట్టుకుని, దాన్ని చిన్న చిన్న తునకలు చేసి, అదే సైటులో ఖాతాలున్న మనుషులకు తలా కాస్త పంచుతాను. వాళ్లు చేసి పంపినవి మళ్లీ అతికించి అప్పగిస్తాను. అలాంటివాళ్లను ఫ్రీలాన్సర్లంటారని చెబితే మామగారు "ఫ్రీ అంటే ఉచితమా, ఖాళీయా?" అన్నారు. రెండూ కాదన్నాను. ఆయన నన్ను చూసిన చూపులో మాత్రం రెండూ ఉన్నాయి.

సూటిగా చెప్పాలంటే నేను మేస్త్రీని. మినుము తీతకు మనుషుల్ని తీసుకెళ్లే మేస్త్రీ గట్టు మీద గొడుగేసుకుని నిలబడతాడు, నేను ఫ్యాను కింద కూర్చుంటాను. ఆయన మనుషులు ఆయనకు కనిపిస్తారు. నా మనుషులు బాపట్లలో ఒకరు, రేపల్లెలో ఒకరు, దుగ్గిరాలలో ఇద్దరు, వేటపాలెంలో ఒకరు, ఇలా చెదురుమదురుగా ఉండి నాకు అక్షరాల రూపంలోనే దర్శనమిచ్చేవారు.

ఆ ఏడాది నాకు దొరికిన పెద్ద పని, ఒక చలిదేశపు ఊరి సమాధుల రిజిస్టర్లు. వందేళ్ల పైమాట. ఎవరు పోయారు, ఏ వయసులో, దేనివల్ల, ఏ వరసలో పూడ్చారు అనేది ఏ గుమాస్తానో గొలుసుకట్టు రాతలో రాసిపెట్టాడు. ఆ పేజీల ఫొటోలు చూసి మేం టైపు చేయాలి. తమ పూర్వీకులను వెతుక్కునేవాళ్ల కోసమట. వాళ్లెవరో ఎక్కడో ఎప్పుడో పోయినందువల్ల తెనాలిలో నేను బతికిపోయాను.

ఆ పనికొక పద్ధతి ఉంది. ఒకే పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేయాలి. కంప్యూటరు రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చినచోట ఎర్రగీత గీస్తుంది. ఆ గీతల్ని అక్కడి పరిశీలకురాలు ఒకావిడ చూసి ఏది సరైనదో తేలుస్తుంది. ఇద్దరూ ఒకటే రాస్తే ఇక ఎవరూ చూడరు, అది ఒప్పేనని ముందుకు పోతుంది. అందుకే ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. ఒకే పేజీ చేసే ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియకూడదు. నేను అందరికీ నంబర్లిచ్చాను. నాలుగో నంబరుకు ఏడో నంబరు ఎవరో తెలియదు. నా బాధ్యత అక్కడితో తీరిందనుకున్నాను.

నాలుగో నంబరు బాపట్లలో రిటైరైన టీచరుగారు. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పారు. లూథరన్ కుటుంబం. ఫోన్లో "హలో" అన్నారంటే నేను కుర్చీలో నిటారుగా కూర్చునేవాణ్ణి. ఏడో నంబరు రేపల్లెలో ఒక అర్చకుడిగారి భార్య. డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఇంట్లోనే ఉండిపోయిన అమ్మాయి. అక్షరాల్ని పోల్చుకోవడంలో ఈ ఇద్దరికీ సాటిలేదు. అందుకే అలుక్కుపోయిన పేజీలన్నీ ఈ జంటకే ఇచ్చేవాణ్ణి. తాము జంటన్న సంగతి మాత్రం వాళ్లకు తెలియదు.

ఈలోగా మేం మేడ మీద రెండు గదులు వేసుకున్నాం. పాలు పొంగించి, వ్రతం చేసుకుని, భోజనాలు పెట్టాలనుకున్నాం. పిలవాల్సినవాళ్ల గురించి మాట్లాడుకుంటుంటే మా ఆవిడ అంది: "మీ దగ్గర పనిచేసేవాళ్లను పిలవకుండా భోజనాలేంటండి? రేపెక్కడన్నా ఎదురైతే మొహం ఎలా చూపిస్తారు?"

"వాళ్లు నాకు ఎప్పుడూ ఎదురు కారు. అదే ఈ పనిలో సుఖం."

"అయితే ఈసారి కష్టపడండి" అని ఫోన్లు తనే చేసింది.

అందరూ వచ్చారు. టీచరుగారు గంజి పెట్టిన చీరలో, చేతిలో యాపిల్ పళ్ల సంచితో దిగారు. రేపల్లె అమ్మాయి భర్తతో కలిసి పాసింజరులో వచ్చింది. శాస్త్రోక్తంగా పూజ జరుగుతున్నంతసేపూ నా దృష్టి ఈ ఇద్దరి మీదే ఉంది. భోజనాల దగ్గర ఎడం చేసి కూర్చోబెడదామనుకున్నాను. వంకాయ కూర గిన్నె పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు.

"ఏ ఊరు తల్లీ మీది?" అంటున్నారు టీచరుగారు.

"రేపల్లెండి."

"ఏం చేస్తుంటావు?"

"ఇంట్లోనేనండి. ఈ అన్నయ్యగారు పంపిస్తే చచ్చిపోయినవాళ్ల పేర్లు కొడుతుంటానండి."

"నేనూ అదే. నీకు ఆ గుమాస్తా రాత అర్థమవుతుందా? మా క్లాసులో వాడుంటే గోడకుర్చీ వేయించేదాన్ని."

భోజనానికి పిలిచి, పక్కవాళ్లతో మాట్లాడకండి అని చెప్పే ఆచారం మన వైపు లేదు. ఇద్దరికీ ఇంకాస్త కూర వడ్డించి ముందుకు పోయాను. చేతులు కడుక్కునేటప్పుడు వాళ్లు ఫోన్ నంబర్లు చెప్పుకుంటుంటే నీళ్లు పోసింది కూడా నేనే.

ఆ తర్వాత కొద్ది వారాల్లో ఎర్రగీతలు తగ్గుతూ వచ్చాయి. ఆపైన అసలు కనబడటమే మానేశాయి. పేజీలకు పేజీలు తెల్లగా, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు బుద్ధిగా ఉండేవి. నేను మహా సంతోషపడ్డాను. అంత అనుభవం వచ్చేసింది మనవాళ్లకు అనుకున్నాను. పని ఇచ్చినవాళ్లకు మా నాణ్యత గమనించవలసిందిగా కోరుతూ ఒక ఉత్తరం కూడా రాశాను. నా కోరిక ప్రకారం వాళ్లు గమనించారు.

ఒక సోమవారం ఉదయం కాఫీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చుంటే పరిశీలకురాలి మెయిలు ఉంది. ఆవిడ మాటలు మర్యాదగానే ఉన్నాయి, అందుకే ఎక్కువ భయం వేసింది. నాలుగు, ఏడు నంబర్ల పేజీల్లో తేడాలే లేవు. సిరా అలుక్కుపోయి ఎవరికీ అంతుపట్టని చోట కూడా ఇద్దరూ ఒకే ఊహ చేశారు. ఒక పేజీకి చర్చివాళ్ల దగ్గర ఇంకో ప్రతి దొరికితే సరిచూశామని, అందులో ఇంటిపేరు వేరేగా ఉందని, మావాళ్లిద్దరూ మాత్రం అచ్చంగా ఒకే తప్పు రాశారని వివరించింది. ఇద్దరు మనుషులు ఒకేలా ఒప్పు రాయగలరు గానీ ఒకేలా తప్పు రాయరు. కాబట్టి నాలుగూ ఏడూ ఒకే మనిషని, ఒక్కరే రెండు ఖాతాలు పెట్టుకుని రెండు కూలీలు తీసుకుంటున్నారని వాళ్ల అనుమానం. శుక్రవారంలోగా సంతృప్తికరమైన జవాబు రాకపోతే సైటువాళ్లకు ఫిర్యాదు చేసి, నా ఖాతా మూయిస్తారట.

ఆ సైటులో మంచి పనివాడికి చుక్కలు వేస్తారు. నాకు అయిదు చుక్కలుండేవి. ఆ మెయిలు చదివాక పట్టపగలే ఇంకా చాలా కనిపించాయి.

ఖాతా మూతపడితే నేనొక్కణ్ణే మునగను. నా కింద పేర్లు ఉన్న అందరి ఖాతాల మీదా మచ్చ పడుతుంది. ఇంట్లోంచి కదలకుండా చేసుకునే పని ఇదొక్కటే ఉన్నవాళ్లు వాళ్లు. వేటపాలెం ఆవిడ జీడిపప్పు ఒలిచే పని మానుకుని దీనికి వచ్చింది. కాఫీ చల్లారిపోయింది. బాపట్లకు ఫోన్ చేశాను.

"టీచర్ గారూ, ఒక్క మాట అడుగుతాను. పేజీ టైపు చేసేటప్పుడు మీరు ఎవరినైనా సంప్రదిస్తారా?"

"రేపల్లె అమ్మాయిని. ఎందుకు బాబూ?"

"ఇద్దరూ ఒకే పేజీ చేస్తున్నారని మీకెలా తెలిసింది?"

"అర్థం కాని పేరు ఒకటి చెప్పి, నువ్వయితే ఏమనుకుంటావమ్మా అని అడిగాను. ఆ పేజీ తన ముందే ఉందంది. అప్పట్నించి పంపే ముందు ఇద్దరం ఒకసారి చదువుకుని సరిపెట్టుకుంటున్నాం. ఏం, తప్పులొస్తున్నాయా?"

"రావడం లేదండి. అదే తప్పయింది."

ఒప్పందంలోని షరతు చెప్పాను. ఆవిడ "పరీక్ష అని ముందే చెబితే కాపీ కొట్టనిచ్చేదాన్నా? పని అన్నావు. పనిలో పక్కవాళ్లను అడక్కపోతే పొగరంటారు" అన్నారు.

రేపల్లె అమ్మాయి అయితే భయపడింది. "చచ్చిపోయినవాళ్లండి అన్నయ్యగారూ. తద్దినంలో పేరు తప్పు చెబితే అది ఎవరికి చేరుతుందండి? నాకు అనుమానమొస్తే చెయ్యాడదు. పిన్నిగారిని అడిగితే మనసు కుదుటపడుతుంది. ఇప్పుడు మా పని తీసేస్తారాండి?"

"తీసేస్తే అందరిదీ తీసేస్తారమ్మా" అన్నాను. అది ఓదార్పు కాదని ఫోన్ పెట్టేశాక తెలిసింది.

జవాబు ఏం రాయాలో తోచలేదు. ఇద్దరూ అక్కాచెల్లెళ్లని, కవలలని, ఒకే స్కూల్లో చదివారని రకరకాల కథలు అల్లుకున్నాను. మా ఆవిడ వెనక నిలబడి చదివి "ఉన్నదే రాయండి. మీ అబద్ధాలు మీ ఇంగ్లీషు కంటే బలహీనంగా ఉంటాయి" అంది. ఉన్నదే రాశాను. కొత్త గదుల్లో పాలు ఎందుకు పొంగిస్తామో, పొంగించాక వచ్చినవాళ్లకు అన్నం ఎందుకు పెడతామో, పంక్తిలో పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడకపోవడం ఎంత అమర్యాదో, అన్నీ వివరించాను. చదువుకుంటే సంజాయిషీలా లేదు, శుభలేఖలా ఉంది. అయినా పంపేశాను.

మర్నాడు రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఇద్దరు మనుషులున్న మాట నిజమైతే నిరూపించుకోండి. గురువారం మీ ఉదయం పదిన్నరకు కొత్త పేజీలు తెరుస్తాం, గంటసేపు ఉంటాయి, ఇద్దరూ ఒకే సమయంలో వేర్వేరు ఊళ్ల నుంచి టైపు చేయాలి, మేం ఇక్కణ్ణుంచి చూస్తుంటాం.

రేపల్లెకు ఫోన్ చేస్తే అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. ఆ వారమంతా వాళ్ల వీధిలో పొద్దుటి పూట కరెంటు కోత. ఇంక దారి లేదు. తెల్లవారే బండికి బయల్దేరి తెనాలి రమ్మన్నాను. నా కంప్యూటరుకు కరెంటు పోయినా కాసేపు నడిపించే యూపీఎస్ ఉంది. బాపట్లలో టీచరుగారికి ఫోన్ చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా చేయాలండి అని చెప్పాను.

"ముప్పై ఏళ్లు ఇన్విజిలేషన్ చేశాను బాబూ. నా మీద నేను చేసుకోలేనా?" అన్నారు. గొంతులో మాత్రం ఆ ధీమా లేదు.

గురువారం తొమ్మిది దాటినా బండి రాలేదు. అమ్మాయికి తోడుగా వస్తున్న భర్త, పంతులుగారి సెల్లుకు కొట్టాను. వేమూరులో ఆగిపోయిందన్నారు. ఎందుకో ఎవరూ చెప్పడం లేదట. పది నిమిషాలాగి మళ్లీ కొట్టాను. వేమూరే. ఆన్‌లైన్‌లో ఉన్నారా అని అడగాల్సిన మనుషుల్ని రేపల్లె లైన్‌లో ఎక్కడున్నారని అడుగుతున్నాను. దిగి ఆటో ఎక్కమందామంటే, దిగగానే బండి కదులుతుందేమోనని ఆయన భయం. నాకూ అదే భయం. ముగ్గురం కలిసి ఏమీ చేయకుండా ఉండిపోయాం. మూడోసారి ఆయనే చేశారు. "జంపని పంచదార ఫ్యాక్టరీ దాటామండి" అన్నారు. ఒక ఫ్యాక్టరీ దాటినందుకు అంత ఆనందపడటం ఆయనకూ నాకూ అదే మొదలు.

స్టేషను నుంచి రిక్షాలో కాదు, పరుగులాంటి నడకతో వచ్చినట్టున్నారు. అమ్మాయి గుమ్మంలో చెప్పులు విడిచి, మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. పేజీలు అప్పటికే తెరుచుకున్నాయి. బాపట్లలో టీచరుగారు మొదలుపెట్టేసినట్టు నాలుగో నంబరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది.

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పంతులుగారు బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకున్నారు, పెదాలు కదులుతున్నాయి. కీబోర్డు చప్పుడు సాఫీగా సాగి, ఒకచోట ఆగింది. నేను తిరిగి చూడలేదు. ఆగిన చప్పుడు ఆగినట్టే ఉంది.

"అన్నయ్యగారూ."

"నన్నడక్కమ్మా."

"అడగట్లేదండి. చెబుతున్నానంతే. ఇక్కడొక పసిబిడ్డ ఉంది. వయసు ఆరు అని ఉంది. ఆ పక్కన రోజులో వారాలో తెలియడం లేదు."

"నీకేమనిపిస్తే అది కొట్టు."

"తప్పయితేనండి?"

"తప్పయినా నీదే అవ్వాలి. ఈ పూటకు మనకు కావాల్సింది అదే."

ఆ మాట అన్నాక నాకే ఇబ్బందిగా అనిపించింది. అన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక మనిషిని ఒంటరిగా తప్పు చేయమని బతిమాలుతున్నాను. ఆ అమ్మాయి తెర వైపు తిరిగి వేళ్లు కీల మీద పెట్టుకుని అలాగే కూర్చుంది.

అప్పుడు ఫోన్ మోగింది. మా ముందుగదిలోని ఫోనే. చిన్న గాజుపలకలో నంబరు పడుతుంది. బాపట్ల.

అమ్మాయి నా వైపు చూసింది. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎత్తబోయింది. వద్దని సైగ చేశాను. ఎత్తితే టీచరుగారు ఒక్క మాట అన్నా ఆ అమ్మాయి చెవిన పడుతుంది. ఎత్తకపోతే అక్కడ ఏమైందో తెలియదు. కరెంటు పోయిందా, తెర బిగుసుకుపోయిందా, ఆవిడ ఒంట్లో బాగా లేదా? ఫోన్ మోగి మోగి ఆగింది. వెంటనే మళ్లీ మొదలైంది. పంతులుగారి పెదాలు కదలడం మానేశాయి. నేను ఫోన్ తీగ లాగేశాను.

"కొట్టమ్మా" అన్నాను.

ఆమె ఏదో కొట్టింది. ఆ తర్వాత ఆగలేదు. చివరి వరసదాకా వెళ్లి, పంపించేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. నాలుగో నంబరు పక్కన పచ్చచుక్క ఇంకా ఉంది. చూస్తుండగానే ఆరిపోయింది. అది పని పూర్తయి ఆరిందో, కరెంటు పోయి ఆరిందో చెప్పే చుక్క ఏదీ ఆ తెర మీద లేదు.

తీగ మళ్లీ తగిలించి బాపట్లకు చేశాను. టీచరుగారు మొదటి గంటకే ఎత్తారు.

"పంపేశాను బాబూ. ఫోన్ ఎందుకు ఎత్తలేదు?"

"ఎత్తకూడదనండి. ఎందుకు చేశారు?"

"ఒకచోట ఆగిపోయాను. చెయ్యి దానంతటదే రేపల్లె నంబరు కొట్టేస్తోంది. సగంలో గుర్తొచ్చింది. మొదలుపెట్టిన వేలు ఆగదు కదా, నీ నంబరు కొట్టాను. నువ్వెత్తి నాలుగు చీవాట్లు పెడతావనుకున్నాను."

"ఏ చోటండి?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మా ఆవిడ బలవంతం మీద వాళ్లిద్దరూ భోజనం చేసి మధ్యాహ్నం బండికి వెళ్లారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆ అమ్మాయి "వారాలు అని కొట్టానండి" అంది. అంతే అని వెళ్లిపోయింది. ఆ రోజు మిగిలిన పనులేవీ నాకు సాగలేదు. వేటపాలెం ఆవిడ ఫోన్ చేసి తన పేజీలు ఎప్పుడొస్తాయని అడిగితే, రేపు చెబుతానన్నాను.

శుక్రవారం పొద్దున కంప్యూటరు పెట్టగానే మెయిలు ఉంది. తెరవడానికి ముందు అనవసరంగా కళ్లజోడు తుడుచుకున్నాను. రెండు ప్రతులూ జతచేసి పంపారు. ఎర్రగీతలు. పేజీ నిండా కాదు గానీ, కావలసినన్ని. ఒక వడ్రంగి పేరు ఇద్దరికీ రెండు రకాలుగా కనిపించింది. ఒకరి జ్వరం ఇంకొకరికి దగ్గయింది. ఆ పసిబిడ్డ దగ్గర కూడా గీత ఉంది. అమ్మాయి వారాలంటే, టీచరుగారు రోజులన్నారు. ఏది నిజమో పరిశీలకురాలు రాయలేదు.

మీరు ఇద్దరు మనుషులేనని మాకు నమ్మకం కుదిరింది అని ఉంది కింద. ఫిర్యాదు చేయడం లేదట, ఖాతా ఉంటుందట. అయితే ఇకనుంచి మా బృందానికి ప్రతి పేజీలోనూ మొదటి టైపు మాత్రమే ఇస్తారు. రెండోసారి చేసే పని వేరే దేశంలో మాకెవ్వరికీ తెలియని మనుషులకు వెళ్తుంది. అంటే నా దగ్గరకు వచ్చే పేజీలు సగమైపోయాయి. అంటే అందరికీ సగమే.

బాపట్లకు చేశాను.

"ముందు ఒక్కటి చెప్పు. పని ఉందా, పోయిందా?" అన్నారు టీచరుగారు.

"సగం ఉందండి."

"ఏ సగం?"

చెప్పాను. ఆవిడ నెమ్మదిగా విన్నారు. మధ్యలో "సగమంటే కష్టమే, ఆ వేటపాలెం పిల్లకు" అన్నారు. వేటపాలెం ఆవిడ ఫోన్ నంబరు కూడా టీచరుగారి దగ్గరుందని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత అడిగారు: "అయితే నాకూ రేపల్లె అమ్మాయికీ ఒకే పేజీ ఇక రాదన్నమాట."

"రాదండి."

"వేర్వేరు పేజీలైతే అర్థం కానిది అడగొచ్చా? ఆ పరిశీలకురాలికి అభ్యంతరం లేదు కదా?"

మెయిలు మళ్లీ మొదటినుంచి చివరిదాకా చదివాను. "లేదండి" అన్నాను.

ఉంటానని కూడా అనకుండా పెట్టేశారు. నేను వెంటనే రేపల్లెకు కొట్టాను. ఎంగేజ్. నిమిషం ఆగి కొట్టాను. ఎంగేజ్. ఆ నంబరు ఇప్పట్లో ఖాళీ అయ్యేలా లేదు. ఈలోగా మిగిలినవాళ్లకు చేద్దామని వేటపాలెం నంబరు కొట్టి, సగం అన్న మాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ అవతల ఎత్తేదాకా కూర్చున్నాను.